మాకంటే ముందు పెట్టె బయల్దేరింది

ఆత్మకూరులో మా ఇంటినుంచి బస్టాండు దాకా నడిచిపోయే లోపల నలుగురన్నా అడుగుతారు, "ఏం టీచరమ్మా, యాడికి?" అని. పాలకేంద్రం దగ్గర ఒకరు, మందుల షాపు ముందర ఒకరు, టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నోళ్లలో ఎవరో ఒకరు. జవాబు చెప్పకపోతే తలపొగరు అంటారు. చెప్పినామా, రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటాది: "ఆయన రాలేదా?" ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "పసిఫిక్ మహాసముద్రానికి పోతుండాను, నీకేమన్నా తేవాలా?" అన్నాను. అడిగినావిడ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నిజానికి నేను కొత్తిమీర కోసం పోతుండాను.

ఆ మాటే నోట్లోంచి ఎందుకు వచ్చిందో ఇంటికొచ్చినాక కూడా అర్థం కాలేదు. కాశీ అనొచ్చు గదా, సింగపూరు అనొచ్చు గదా! కొత్తిమీర కడుగుతుంటే అప్పుడు తట్టింది. నేను ఉదయగిరి హైస్కూల్లో సోషల్ టీచర్ని. వాలంటరీ రిటైర్మెంటు తీసుకునేదాకా రోజూ ఆత్మకూరునుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. మా క్లాసులో ఒక ప్రపంచపటం ఉండేది. దాంట్లో అన్ని సముద్రాలూ ఒక్కోచోటే ఉంటాయి, పసిఫిక్ ఒక్కటే రెండు ముక్కలు. సగం ఎడమ అంచున, సగం కుడి అంచున. ప్రతి ఏడూ ఎవడో ఒకడు లేచి అడిగేవాడు, "టీచర్, రెండు పసిఫిక్కులు ఉండాయా?" అని. "ఒకటేరా" అనిజెప్పి, పటం దించి, రెండు అంచులూ పట్టుకొని చుట్టి చూపించేదాన్ని. ఆ అంచులు కలిసేచోట ఈగలు వాలి లేచిపోయినట్టు చుక్కలు చుక్కలుగా దీవులు. వాటి పేర్లు ఎవరూ అడగలేదు, పరీక్షలో రావు గదా. దుర్గం కొండ మీదనుంచి వడగాలి కొట్టే మధ్యాహ్నాల్లో, పిల్లలు తలలు వంచుకొని రాసుకుంటుంటే, నేను మాత్రం ఆ చుక్కల్నే చూస్తూ కూర్చునేదాన్ని.

రిటైరైనాక ఇల్లు ఇరుకైపోయింది. ఇల్లు పెద్దదే, నాకే కాలు ఒకచోట నిలవదు. వంటింట్లోకి పోతాను, ఎందుకు పోయినానో మర్చిపోయి వసారాలోకి వస్తాను. వసారాలో కూర్చుంటే గేటు దాకా పోవాలనిపిస్తుంది. గేటు దాకా పోతే, ఇక్కడిదాకా వచ్చినాం, ఇంకొంచెం పోతే ఏం అనిపిస్తుంది. ఇంకొంచెం పోతే మళ్లీ ఆ పాలకేంద్రం, ఆ ప్రశ్నలు. మా అత్త మంచం మీదనుంచి చూసి, "ఏందిమే, కాలు కాలిన పిల్లి మాదిరి తిరగతుండావు? నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరగతుండాయి. ఒకచోట కూచో" అనేది. కూర్చోవడం నాచేత కాలేదు.

అట్లాంటి రోజుల్లోనే ఫోనులో ఆ దీవి కనిపించింది. పేరు రాయను, రాసినా చదివేవాళ్లకు నోరు తిరగదు. నడి సముద్రంలో సన్నటి ఇసుక గీత, దాని మీద కొబ్బరిచెట్లు, నాలుగు ఇళ్లు. ఈ చివరనుంచి ఆ చివరకు మన ఆత్మకూరు బజారంత కూడా ఉండదేమో. అక్కడ ఒకావిడ, నా వయసే, నా అంత లావే, పొద్దున్నే ఈనెల చీపురుతో వాకిలి ఊడుస్తుండాది. ఆవిడ చీపురు ఆగినచోట సముద్రం మొదలు. "ఒసే నీ ఇల్లు బంగారంగానూ, అక్కడికి పోయినా ఊడవడమేనా!" అన్నాను ఫోనుతో. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినానో నాకే తెలీదు. ఆవిడ తన ఇంటి పక్కనే కొన్ని గదులు కట్టి, వచ్చినోళ్లకు ఇంత అన్నం పెట్టి పంపుతుందని తర్వాత తెలిసింది.

ఇక పట్టుకుంది నాకు. పోవాలి. అదీ మా ఆయనతో పోవాలి.

మా ఆయనకు ఆత్మకూరు బజారులో ఎరువుల షాపు. పొద్దున పోతే పొద్దుగూకినాక వస్తాడు. మా కాపురంలో తిరుమల పోయినాం, శ్రీశైలం పోయినాం, ఒకసారి బస్సు మాట్లాడుకొని రామేశ్వరం కూడా పోయినాం. ఎక్కడికి పోయినా మాతోబాటు చుట్టాలు, వంటమనిషి, గ్యాసుబండ, బియ్యం మూటలు. రామేశ్వరంలో అందరం సముద్రస్నానానికి పోతే ఆయన, "సామాన్ల కాడ ఒకరన్నా ఉండాల గదా" అని సత్రంలోనే కూర్చున్నాడు. ఇద్దరమే అని ఎక్కడికీ పోలేదు. యూరియా, డీఏపీ లేనిచోట, అత్త పిలుపు వినిపించనిచోట ఈ మనిషి ఎట్లా ఉంటాడు, ఏం మాట్లాడతాడు, అసలు మాట్లాడతాడా? నాకు తెలీదు. ఇంతకాలం కాపురం చేసి తెలీదని చెప్పుకోవడం నామోషీనే, కానీ తెలీదు. చచ్చేలోపల అది తెలుసుకోవాలి. నా ఆరాటమంతా దానికే, సముద్రం కోసం కాదు.

ఆయనకు చెప్పినాను. వీడియో చూపించినాను. అన్నం కలుపుకుంటూ ఓరకంట చూసి, "పోదాం లే" అన్నాడు. మా ఆయన "సరే" అంటే అవునని, "చూద్దాం" అంటే కాదని నాకు తెలుసు. "పోదాం లే" అంటే ఏందో మాత్రం తెలీదు. అవునన్నాడనే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

టికెట్ల పని నెల్లూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయికి ఒప్పజెప్పినాను. ఖర్చు ఎంతని అడగొద్దు, నా డబ్బు, నా ఇష్టం. మద్రాసులో విమానం ఎక్కాలి, ఎక్కడో దిగి ఇంకోటి ఎక్కాలి, అది దిగి మళ్లీ ఇంకోటి. చివర్న ఒక చిన్న విమానం, అదీ గాలి బాగుంటేనే లేస్తుందంట. ఆ పైన పడవ. "అంత దూరం పోయి అక్కడ చూసేదానికి ఏముండాదమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. "ఏమీ లేదు. ఎవరూ మనల్ని ఎరగరు. యాడికి, ఎందుకు, ఎవరితో అని అడిగేవాళ్లు ఉండరు" అన్నాను. "నీకు పిచ్చి పట్టినట్టుండాదే" అంటూనే అది పని మొదలుపెట్టింది.

ఆ దీవి ఆవిడతో మొదటిసారి ఫోనులో మాట్లాడింది ఒక పొద్దున్నే. మనకు కాఫీలవేళ వాళ్లకు మధ్యాహ్నం భోజనాలు దాటిపోయి ఉంటాది. ఆవిడ ఇంగ్లీషు నాకూ, నా ఇంగ్లీషు ఆవిడకూ సగం సగం అర్థమైంది. గదిలో ఫ్యాను ఉందా, నీళ్లు మంచివేనా అని నేను అడుగుదామనుకుంటే, ఆవిడే మొదలుపెట్టింది. మీకు ఎంతమంది పిల్లలు? ఒక్కతేనా, ఎందుకని? మీ ఆయన ఏం పని చేస్తాడు? చేప తింటాడా? ఇంట్లో ఇంకెవరుండారు? అత్తా? మీరిద్దరూ ఇక్కడికొస్తే ఆమెను ఎవరు చూసుకుంటారు? ఓరి దేవుడా! ఎవరి బాధ పడలేక అంత దూరం పరిగెత్తాలనుకున్నానో, ఆ పాలకేంద్రం ఆవిడే అక్కడ గౌను వేసుకొని కూర్చోనుండాది. నేనొస్తున్నానని దీవిలో అందరికీ అప్పుడే చెప్పేసిందంట కూడా. కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. చాన్నాళ్ల తర్వాత కడుపుబ్బా నవ్వినాను.

ఆ తర్వాత వారం వారం మాట్లాడుకునేవాళ్లం. అత్త కూడా అలవాటు పడింది, ఫోను స్పీకరులో పెట్టమని సతాయించేది. ఒకరోజు ఆయన కూడా వసారాలోనే కాఫీ తాగుతుండాడు. అత్త నా మోచేయి లాగి, "ఆమె ఇంటికీ నీళ్లకూ ఎంత ఎడం ఉండాదో అడగుమే" అన్నది. అడిగినాను. ఆవిడ ఫోను తిప్పి చూపించింది. ఇటు తిప్పితే నీళ్లు, అటు తిప్పితే నీళ్లు.

"ఆ నీళ్లు పెరగతాయా?" అన్నది అత్త.

పెద్ద పోటు వచ్చినప్పుడు వాకిట్లోకి వస్తాయని చెప్పింది ఆవిడ. అప్పుడు సామాను మంచాల మీదికి ఎక్కిస్తారంట, నీళ్లు దిగిపోయినాక ఊడ్చుకుంటారంట.

"వాళ్లకు నోటీసు ఇచ్చినారా?" అన్నది అత్త.

సర్కారువాళ్లు మిమ్మల్ని లేచిపొమ్మన్నారా అని మార్చి అడిగినాను. ఆవిడ నవ్వింది. ఎవరూ చెప్పలేదు, చెప్పినా మేం పోము అన్నది. అది తెలుగులో చెప్తే అత్త తల ఊపి, "మేమూ అట్లనే అంటిమి" అన్నది. సోమశిల ప్రాజెక్టు కట్టినప్పుడు పెన్న నీళ్లలో మునిగిన ఊళ్లలో మా అత్తవాళ్లది ఒకటి. ఇంటిపేరు తెలిసినట్టే నాకు పెళ్లినాటినుంచి ఆ సంగతీ తెలుసు. అంతకంటే దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన వైపు చూసినాను. గ్లాసులో కాఫీ సగానికి వదిలేసి చెప్పులు వేసుకుంటుండాడు. షాపుకు లోడు వస్తుందని చెప్పి వెళ్లిపోయినాడు.

టికెట్లు వచ్చినాయి. తేదీ చెప్పగానే అత్త పంచాంగం తీయించింది. ఆ రోజు మంగళవారం, పైగా అమావాస్య. "ఆ దినాన గడప దాటకూడదు" అన్నది. "విమానం మన పంచాంగం చూసి ఎగరదు అత్తా" అన్నాను. "అది ఎగిరితే ఎగరనీ. మీరు అంతకు ముందే బయల్దేరండి" అన్నది.

అంటే పరస్థానం పెట్టమని. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చేస్తారు. పోవాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచిరోజు చూసుకొని, పోయేవాళ్ల బట్టలున్న సంచి తీసుకుపోయి ఇరుగింట్లోనో పొరుగింట్లోనో పెడతారు. ఆ గడియతో వాళ్లు బయల్దేరినట్టే. మనుషులు ఆ తర్వాత ఎప్పుడు పోయినా తప్పు లేదు. షరతులు రెండే. పోయేవాళ్లు ప్రతి ఒక్కరూ కట్టి విడిచిన గుడ్డ ఒకటి దాంట్లో ఉండాలి. గడప దాటిన సంచి, ప్రయాణం చెయ్యకుండా వెనక్కి రాకూడదు.

గ్రహణాలు ఎట్లా పడతాయో బంతులు పెట్టి పిల్లలకు చెప్పినదాన్ని, నాకు ఇట్లాంటివి పట్టవు. కానీ ఇది మాత్రం భలే నచ్చింది. ఉన్నచోట ఉండి బయల్దేరడం! నా మాదిరి మనిషికి ఇంకేం కావాల? కొత్త చక్రాల పెట్టె తెరిచి మంచి చీరలన్నీ సర్దినాను. ఆయన దగ్గరికి పోయి, "నీ గుడ్డ ఒకటి ఇయ్యి" అన్నాను. భుజం మీది ఎర్ర అంచు తెల్ల తువ్వాలు తీసి చేతిలో పెట్టినాడు. ఆ తువ్వాలు లేకుండా ఆయన్ని చూడడం నాకు కొత్త, భుజం బోసిపోయినట్టు ఉండాది. తువ్వాలు మడిచి అన్నిటికంటే పైన పెట్టి జిప్పు వేసినాను.

ఎదురింటి అక్కవాళ్లు ముస్లిములు. మా అత్తకూ ఆమెకూ పొసిగినట్టు సొంత అక్కచెల్లెళ్లకు కూడా పొసగదు. మంచి గడియలో నేను ఆ పెట్టెను గడగడమని దొర్లించుకుంటూ వీధి దాటితే, వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చింది. "యాడికి టీచరమ్మా?" "ఎదురింటికి!" అన్నాను. అక్క ఆ పెట్టెను ముందుగదిలో కుట్టుమిషను పక్కన పెట్టించి, పైన ఒక గుడ్డ కప్పింది. "మీరు పోయిందాకా దీనికి మా ఇంట్లో ఏ లోటూ రాదు" అన్నది.

ఆ మంగళవారం వచ్చింది. మేం పోలేదు. యూరియా లారీలు వచ్చినాయి, రైతులు షాపు ముందు వరస కట్టినారు, ఇప్పుడు పోతే ఎట్లా అన్నాడు. నిజమే గదా అనుకొని తేదీ మార్పించినాను. మార్చిన తేదీకి షాపులో తనిఖీ ఉండాదన్నాడు, మళ్లీ మార్పించినాను. మా అమ్మాయి నాకు ఫోను చేసి, "అమ్మా, నాయన వస్తాడంటావా?" అన్నది. "ఎందుకు రాడు, తువ్వాలు ఇచ్చినాడు" అన్నాను. అరిచినట్టు అన్నానేమో, అది ఫోను పెట్టేసింది.

ఆ నెలలు ఎట్లా గడిచినాయో చెప్తే నవ్వుతారు. నేను ఇంట్లో ఉండాను, నా చీరలు ప్రయాణంలో ఉండాయి. కలిగిరిలో చుట్టాల పెళ్లి వస్తే, ఎదురింటికి పోయి, నా పెట్టె నేనే తెరుచుకొని, అక్కడే చీర మార్చుకొని పెళ్లికి పోయినాను. వచ్చి మళ్లీ అక్కడే విప్పి పెట్టి, పాతచీర చుట్టుకొని ఇంటికొచ్చినాను. నా మంచి కళ్లజోడు కూడా అందులోనే. పొద్దున్నే గేటు తీస్తే చాలు, అక్క ఆ గేటునుంచి కేకేసేది, "మీ పెట్టెకు ఈరోజు ఉప్మా చేసినాను, నువ్వూ వస్తావా?" అని. నవ్వేదాన్ని. లోపలికొచ్చి మళ్లీ నడక మొదలు. వంటిల్లు, వసారా, గేటు. బయల్దేరిన మనిషికి ఇంట్లో ఏ పనీ చేతికి రాదు. పప్పు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేదాన్ని. అద్దెకు దిగినదాని మాదిరి నా ఇంట్లో నేనే తిరిగినాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు ఇక ఆగలేకపోయినాను. "వస్తావా రావా? రానంటే రానని చెప్పయ్యా, నా ప్రాణం ఎందుకు తీస్తుండావు?" అన్నాను. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగి, "రద్దు చెయ్యి. పోయి ఆ పెట్టె తెచ్చేయ్" అన్నాడు.

"పెట్టె తేకూడదు అబ్బయా" అన్నది అత్త మంచం మీదనుంచి.

"ఏం, తెస్తే ఏం కొంపలు మునగతాయి?" అని అరిచినాడు. ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలేదు. అరిచినాక ఆయనే ఉలిక్కిపడినాడు. కంచంలోనే చెయ్యి కడిగేసి వెళ్లిపోయినాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఆయన వెనకే బజారుకు పోయినాను. దారిలో ఎవరో "యాడికి టీచరమ్మా" అన్నారు. "మా ఆయన్ని తిట్టేదానికి" అన్నాను.

మధ్యాహ్నపు ఎండకు షాపులో గిరాకీ లేదు. బస్తాల వెనక స్టూలు మీద కూర్చోనుండాడు. నేను నోరు తెరిచేలోపలే, నా వైపు చూడకుండా, "నాకు నీళ్లంటే బయం" అన్నాడు.

తిడదామని పోయినదాన్ని ఒక బస్తా మీద కూలబడినాను. ఆయన అట్లా బజారు వైపు చూస్తూనే చెప్పినాడు. ప్రాజెక్టు నీళ్లు వస్తాయని అందరూ అంటుంటే వాళ్ల తాత వినలేదంట. మంచిరోజు చూసి ఒక ఇత్తడి బిందె, నాలుగు బట్టలు ఆత్మకూరులో చుట్టాలింట్లో పరస్థానం పెట్టించి, ఇంక మనం బయల్దేరినట్టే గదా, తొందరేముంది అని ఇంట్లోనే కూర్చున్నాడంట. నీళ్లు ఊరిబయటికి వచ్చినాయి. మా ఆయన అప్పుడు చిన్నపిల్లోడు. వాళ్ల నాయన ఒక పుల్ల నీళ్ల అంచున గుచ్చి, "ఇది మునిగితే నాకు చెప్పు" అని కూర్చోబెట్టి, ఇంట్లో సామాను మూటలు కడుతుండాడంట.

"పరిగెత్తి రాలేదుమే ఆ నీళ్లు. నిదానంగా వచ్చినాయి. పుల్ల మునిగింది. చెప్తే మా నాయన బాధపడతాడు, పుల్ల పీకి వెనక్కి గుచ్చినాను. అదీ మునిగింది. మళ్లీ పీకి వెనక్కి గుచ్చినాను. మా పశువుల కొట్టం దాకా అట్లనే పోయినాను. వాకిట్లో రోలు ఉండె. రోలు కాడికి వచ్చినాక ఇంక వెనక్కి గుచ్చేదానికి జాగా లేదు."

నన్ను "మే" అని పిలవడం కూడా అదే మొదటిసారి. రామేశ్వరంలో సత్రం గుర్తొచ్చింది. స్కూలు పిల్లల్ని సోమశిలకు పిక్నిక్కు తీసుకుపోయినప్పుడు, నువ్వూ రాకూడదా అంటే షాపు షాపు అనడం గుర్తొచ్చింది. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాను. "ఎవురూ అడగలేదు" అన్నాడు. కొత్తిమీరకు పోయినా అడిగే ఊరు ఇది. ఆ ఒక్కటి మాత్రం ఎవరూ అడగలేదు. యూరియా లేనిచోట చూద్దామనుకున్న మనిషి యూరియా బస్తాల మధ్యే కనిపించినాడు. ఎవరో రైతు పురుగుమందు కోసం వచ్చినాడు, ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

ఇంటికొచ్చి, "నేను పోను" అన్నాను అత్తతో. నిజంగానే అనుకున్నాను. ఎవరి కోసం పోవాలనుకున్నానో ఆయనే రానప్పుడు ఆ ఇసుకదిబ్బ మీద నాకేం పని? కానీ నా కాళ్లు నా మాట వినలేదు. పొద్దుగూకేదాకా వంటిల్లు, వసారా, గేటు. గేటు దగ్గర నిలబడి ఎదురింటి ముందుగదిలోకి చూస్తే గుడ్డ కింద పెట్టె కనపడతా ఉండాది.

ఆయన షాపు మూసి వచ్చి, నేను గేటు పట్టుకొని నిలబడడం చూసినాడు. పక్కన నిలబడి, "నువ్వు పో" అన్నాడు.

"నీతో పోదామనుకున్నానయ్యా. నీళ్లు చూడ్డానికి కాదు" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "ఆమె వాకిలి ఊడిస్తే చీపురు కాడ నీళ్లు ఆగతాయంటివే. పెరిగినా మళ్లీ దిగిపోతాయంటిరే. యాడ ఆగతాయో, ఎట్లా దిగతాయో చూసి నాకు చెప్పు. నువ్వు చెప్తే నమ్మతాను" అన్నాడు.

ఆ దీవి ఆవిడకు ఫోను చేసి ఒక్కదాన్నే వస్తానని చెప్పినాను. ఎందుకు, ఆయనకేమైంది, కొట్లాడినారా అని అడిగింది. కొట్లాడినాం, మళ్లీ బాగైనాం, ఆయనకు నీళ్లంటే బయం అని చెప్పినాను. ఆవిడ ఈసారి ఇంకేమీ అడగలేదు. నీళ్లకు ఎదురుగా లేని వెనకవైపు గది, కొబ్బరిచెట్లలోకి తలుపు ఉన్నది ఇస్తానన్నది.

బయల్దేరే పొద్దున ఆయన షాపు తెరవలేదు. పెట్టె మోయడానికని నాతో ఎదురింటికి వచ్చినాడు. అక్క గుడ్డ తీసి పెట్టె ముందుకు లాగింది. పోయేవాళ్ల గుడ్డలే గదా పెట్టెలో ఉండాల, ఈయన రావడం లేదే అనుకున్నాను. కింద కూర్చొని జిప్పు తెరిచి, పైనున్న ఎర్ర అంచు తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను. నెలల తరబడి పెట్టెలో ఉన్నా దానికి ఇంకా ఆయన వాసన, ఎరువుల వాసన ఉండాది.

ఆయన వంగి నా చెయ్యి పట్టుకున్నాడు. "తియ్యొద్దు" అన్నాడు. "నేను ఎప్పుడో బయల్దేరినాను గదా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. నేను తువ్వాలు మళ్లీ మడిచినాను. మడతలు సరిగా రాలేదు. ఎట్లానో పైన పెట్టి జిప్పు వేసినాను.

బస్టాండులో మద్రాసు బస్సు సిద్ధంగా ఉండాది. పెట్టె పైన పట్టకపోతే ఆయన తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి, దిగి, కిటికీ కింద నిలబడినాడు. పక్క సీట్లో మందుల షాపు ఆవిడే, ఆసుపత్రికని మద్రాసుకు పోతుండాది. పెట్టెను చూసింది, నన్ను చూసింది, కిందనున్న ఆయన్ని చూసింది.

"యాడికి టీచరమ్మా?"

"పసిఫిక్‌కు" అన్నాను.

ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. బస్సు కదిలింది. ఆయన కిందే నిలబడిపోయినాడు. "అదేంది, ఆయన రాలేదా?" అన్నది.

ఎప్పుడూ మండే ఒళ్లు ఆరోజు మండలేదు. పెట్టె దగ్గరికి లాక్కొని, మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకున్నాను.

"వస్తుండాడు" అన్నాను.